తెలుగునాట కారాగార వ్యవస్థ: మద్రాసు రాజధాని నుంచి రెండు రాష్ట్రాల దాకా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జైళ్ళ శాఖలకు మూలాలు రెండు పాలనల్లో ఉన్నాయి. కోస్తా, రాయలసీమ జైళ్ళు మద్రాసు రాజధానిలో భాగంగా ఏర్పడ్డాయి. తెలంగాణ జైళ్ళు నిజాం సర్కారువి. 1956లో రెండూ ఒకే శాఖ కిందికి వచ్చి, 2014లో మళ్ళీ విడిపోయాయి. ఈ మార్పులన్నిటి మధ్యా పెద్దగా కదలకుండా నిలిచింది 1894 నాటి ప్రిజన్స్ చట్టం. పందొమ్మిదో శతాబ్దం నుంచి దాదాపు ప్రతి తరంలోనూ జైళ్ళ సంస్కరణకు ఒక కమిటీ కూర్చుంది, ఒక నివేదిక వచ్చింది. అయినా జైలు గోడల లోపల పరిస్థితి మారడానికి కమిటీల కంటే కరువులు, చదువుకున్న ఖైదీలు, కోర్టు తీర్పులే ఎక్కువగా కారణమయ్యాయి.

బందీఖానాలు, జిల్లా జైళ్ళు

కంపెనీ పాలనకు ముందు తెలుగు ప్రాంతాల్లో నిర్బంధం ఉండేది గానీ, ఫలానా నేరానికి ఇన్నేళ్ళ ఖైదు అనే లెక్క అంతగా లేదు. జరిమానా, కొరడా దెబ్బలు, అంగచ్ఛేదం, ఊరి నుంచి వెలివేత వంటివే మామూలు శిక్షలు. కోటల్లోని బందీఖానాలు ఎక్కువగా విచారణ తేలేదాకా మనిషిని పట్టి ఉంచడానికో, బకాయి పడ్డ సొమ్ము రాబట్టడానికో పనికొచ్చేవి. గోల్కొండలో రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్నను బంధించింది ఖజానా సొమ్ము విషయంలోనే. అక్కడ ఖైదు గడువు న్యాయాధికారి చేతిలో కాక పాలకుడి చిత్తంలో ఉండేది.

1802లో మద్రాసు రెగ్యులేషన్ల కింద జిల్లా కోర్టులు ఏర్పడ్డాక ఖైదు శిక్ష కాలక్రమంలో మామూలైంది. కోర్టులు పుట్టినంత వేగంగా జైళ్ళు పుట్టలేదు. పాత కోటలు, గిడ్డంగులు, అద్దె ఇళ్ళు జైళ్ళయ్యాయి. రాజమండ్రి జైలు ఉన్నది డచ్చివారి పాత కోట స్థలంలో. అప్పట్లో ఖైదీకి రోజు బత్తెం డబ్బుల రూపంలో ఇచ్చి, తన వంట తనే చేసుకోనిచ్చే పద్ధతి విస్తృతంగా ఉండేది. దాంతో కులాచారం చెడేది కాదు, సర్కారుకు వంటశాల ఖర్చు తప్పేది. పగలు కాళ్ళకు సంకెళ్ళతో రోడ్డు పనికి వెళ్ళి, దారిన పోయేవాళ్ళతో మాట్లాడి, కావలివాడి చేతిలో నాలుగు కాసులు పెట్టి పొగాకు కొనుక్కోవడం ఖైదీలకు అలవాటే. అధికారులకు ఇది క్రమశిక్షణ లేకపోవడంగా కనిపించింది. ఖైదీలకు ఆ రోడ్డు పనే లోకంతో మిగిలిన సంబంధం.

అప్పు తీర్చలేక సివిల్ జైలుకు వచ్చినవారి తిండి ఖర్చు అప్పిచ్చినవాడే భరించాలి. అతను బత్తెం కట్టడం మానేస్తే బాకీదారు బయటికి వచ్చేవాడు. మద్రాసు, పెనాంగ్, అండమాన్ల మధ్య ద్వీపాంతర శిక్ష కూడా ఈ కాలపు వ్యవస్థలో భాగమే. 1858 తర్వాత అండమానే దానికి ప్రధాన గమ్యమైంది.

1838 నివేదిక

భారతదేశంలో జైళ్ళ మీద తొలి సమగ్ర విచారణ మెకాలే ప్రోద్బలంతో 1836లో మొదలైంది. ఆయన కూడా సభ్యుడిగా ఉన్న ప్రిజన్ డిసిప్లిన్ కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. బహిరంగ రోడ్డు పనిని అది గట్టిగా తప్పుపట్టింది. ఏడాదికి మించిన శిక్ష పడ్డవారికి కేంద్ర కారాగారాలు కట్టాలని, ప్రతి ప్రాంతానికీ ఒక ఇనస్పెక్టర్ జనరల్ ఉండాలని, గోడల లోపలే విసుగు పుట్టించే కఠినశ్రమ చేయించాలని సిఫార్సు చేసింది. ఖైదీలకు చదువు, నీతిబోధ, సత్ప్రవర్తనకు ప్రోత్సాహకాలు వంటివి ఆ కమిటీకి రుచించలేదు. జైలంటే భయం పుట్టాలన్నది దాని దృష్టి. దేశంలో జైళ్ళ సంస్కరణ తొలి పత్రంగా దీన్ని పేర్కొనడం రివాజు. అయితే ఇందులోని సంస్కరణ ఖైదీ కోసం చేసింది కాదు, పాలన కోసం చేసింది.

తొలి ఇనస్పెక్టర్ జనరల్ 1844లో వాయవ్య రాష్ట్రాల్లో నియమితుడయ్యాడు. 1850లలో మద్రాసుకూ ఆ పదవి వచ్చింది. మద్రాసు నగరంలోని పెనిటెన్షియరీ 1837 నాటికే ఉంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో వేలూరు, తిరుచిరాపల్లి, కోయంబత్తూరు, కణ్ణనూరు మొదలైన చోట్ల పెద్ద జైళ్ళు లేచాయి. రాజమండ్రి జైలు 1864లో ఏర్పడి, 1870లో సెంట్రల్ జైలు హోదా పొందింది. ఈ పెద్ద జైళ్ళలో ఎక్కువ భాగం తమిళ, మలయాళ ప్రాంతాల్లో ఉండడం వల్ల ఒక చిక్కు వచ్చింది. దీర్ఘశిక్ష పడ్డ తెలుగు ఖైదీ తరచు భాష తెలియని వార్డర్ల చేతికి చేరేవాడు, ఇంటివాళ్ళకు ములాఖత్ అంటే రోజుల ప్రయాణమయ్యేది.

తాలూకా కేంద్రాల్లోని సబ్ జైళ్ళ సంగతి వేరు. చాలాకాలం అవి రెవెన్యూ కచేరీకి ఆనుకున్న ఒకటి రెండు గదులు. తహసీల్దారు పన్నుల వసూలు చూసుకుంటూనే వాటినీ చూసేవాడు. చిన్న నేరాల మీద పట్టుబడిన అత్యధికులకు తెలిసిన జైలు ఇదే. అయినా నివేదికల్లో సబ్ జైలుకు దక్కిన చోటు తక్కువే.

తూకం వేసిన తిండి

డబ్బు బత్తెం పోయి, సర్కారు వంటశాల వచ్చాక ఖైదీకి ఎంత తిండి పెట్టాలన్నది శాస్త్రీయ ప్రశ్నగా మారింది. జైలు సూపరింటెండెంట్లలో చాలామంది ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యులు కావడంతో జైలు ఒక ప్రయోగశాల కూడా అయింది. రోజూ ఒకే తూకం తిండి, ఒకే పని, ఎప్పటికప్పుడు చూసే బరువు ఇంకెక్కడా దొరకవు. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా తర్వాత పేరొందిన డబ్ల్యు. ఆర్. కార్నిష్ 1863లోనే ఈ రాజధాని ప్రజల ఆహారం గురించీ, జిల్లా జైళ్ళలోని ఖైదీల ఆహారం గురించీ నివేదికలు వెలువరించాడు. ఉత్తర జిల్లాల జొన్న, రాగి తిండికీ, దక్షిణాది వరి అన్నానికీ పోషణలో తేడాలు ఆ పరిశీలనల్లో చర్చకు వచ్చాయి.

ఈ లెక్కలు 1876-78 నాటి కరువులో అనూహ్యంగా జైలు బయటికి వచ్చాయి. కరువు పనులకు వచ్చే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు కొనగలిగినంత కూలి చాలని, కరువు పర్యవేక్షణకు భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. కష్టపడి పనిచేసే మనిషి దాంతో బతకలేడని కార్నిష్ వాదించాడు. అతని చేతిలోని ఆధారాల్లో ముఖ్యమైనవి జైలు లెక్కలు. ఏ నేరమూ చేయని కరువు కూలీకి దక్కేది శిక్ష పడ్డ ఖైదీ తిండి కంటే తక్కువని తేలింది. 1877 మధ్యలో మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచింది. ఈలోగా బళ్ళారి, కడప, కర్నూలు ప్రాంతాల్లో జనం లక్షల సంఖ్యలో చనిపోయారు. ధాన్యం దొంగతనాల కేసులు పెరిగి జైళ్ళు కిక్కిరిశాయి. అప్పటికే ఎముకల గూళ్ళై లోపలికి వచ్చినవాళ్ళు అక్కడ చాలామంది చచ్చిపోయారు. చిప్పకూడు కూడా బతుకుతెరువైన ఘట్టం అది.

1894 చట్టం

1864, 1877, 1888 నాటి విచారణల తర్వాత, రాష్ట్రాలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని 1894లో ప్రిజన్స్ చట్టం చేశారు. చట్టం పొడవు తక్కువే, శిక్షల పట్టిక మాత్రం వివరంగా ఉంటుంది. జైలు నియమాలు తప్పిన ఖైదీకి మామూలు బట్టల బదులు మూడు నెలల దాకా గోనెగుడ్డ కట్టించవచ్చు. బేడీలు, సంకెళ్ళు వేయవచ్చు, విడిగా బంధించవచ్చు, తిండి తగ్గించవచ్చు. 30 దెబ్బల దాకా బెత్తంతో కొట్టించవచ్చు. ఆ బెత్తం అర అంగుళానికి తక్కువ మందం ఉండకూడదనీ, దెబ్బలు పిరుదుల మీదే పడాలనీ, సూపరింటెండెంటు, వైద్యాధికారి దగ్గరుండి చూడాలనీ, విడతలుగా కొట్టకూడదనీ చట్టం చెబుతుంది. పదహారేళ్ళ లోపు పిల్లవాడైతే బడిలో కొట్టినట్టు ఇంకా సన్నని బెత్తంతో కొట్టాలి. ఆడవారికి దెబ్బలు లేవు.

మంచి నిబంధనలు కూడా ఇందులో ఉన్నాయి. ఆడవారిని మగవారి నుంచి, విచారణ ఖైదీలను శిక్ష ఖైదీల నుంచి వేరుగా ఉంచాలి. రోజుకు తొమ్మిది గంటలకు మించి కఠినశ్రమ చేయించకూడదు. పాత ఖైదీల్లో కొందరిని ఎంచి, వార్డర్లకు తోడుగా మిగతా ఖైదీల మీద పెత్తనం ఇచ్చే పద్ధతిని కూడా చట్టం గుర్తించింది. జీతం బత్తెం అక్కరలేని కావలివాళ్ళు సర్కారుకు చౌక. లంచాలు, కొట్లాటలు, బలహీనుల మీద దౌర్జన్యాలు చాలావరకు ఈ పొదుపు ఫలితమే.

కృష్ణ జన్మస్థానం

జైలు లోపలి సంగతులు తెలుగు పాఠకుడికి చేరింది రాజకీయ ఖైదీల వల్ల. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి రాజద్రోహం మోపి గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు మూడేళ్ళ శిక్ష వేశారు. వేలూరు జైలులో ఆయన్ను మామూలు నేరస్థుల్లో ఒకడిగానే చూశారు. అదే కాలంలో కోయంబత్తూరు జైలులో వి. ఓ. చిదంబరం పిళ్ళై చేత ఎద్దుకు బదులు గానుగ లాగించారు. చదువు, పేరు ఉన్నవారిపై పడేసరికి, అంతకుముందు లక్షలమంది నోరెత్తకుండా భరించిన పద్ధతులు పత్రికలకెక్కాయి.

సహాయ నిరాకరణ రోజుల నుంచి జైలుకు వెళ్ళడాన్ని కృష్ణ జన్మస్థానానికి వెళ్ళడంగా చెప్పుకునేవారు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని జైలులో రాశారు. అందులో జైలు, నేరస్థులుగా ముద్రపడ్డ తెగల సెటిల్మెంట్ల లోకం కథలో ముఖ్య భాగం. ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన దుర్గాబాయికి వేలూరులో పల్లెటూరి ఆడఖైదీలు కనిపించారు. తమ మీద మోపిన కేసేమిటో కూడా చెప్పుకోలేని ఆ స్త్రీలను చూశాకే న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నట్టు ఆమె తర్వాత రాశారు. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో గాం మల్లుదొర అండమాన్ ఖైదు అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

రాజకీయ ఖైదీల వల్ల బయటపడ్డ జైలు పరిస్థితులకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు రెండు రకాలు. మొదటిది 1919లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన వేసిన ఇండియన్ జైల్స్ కమిటీ. ఆయన మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. ఈ కమిటీ ఇంగ్లండు, అమెరికా, జపాను, ఫిలిప్పీన్స్ జైళ్ళు కూడా చూసి వచ్చింది. ఖైదీని భయపెట్టడంతో పాటు సంస్కరించడమూ జైలు పనేనని దేశంలో తొలిసారి అధికారికంగా చెప్పిన నివేదిక ఇదే. అండమాన్‌కు పంపడం ఆపాలని, పిల్లలను, యువకులను పెద్ద జైళ్ళకు దూరంగా ఉంచాలని, ఖైదీలకు చదువు చెప్పాలని సూచించింది. మద్రాసులో 1920 బాలల చట్టం, 1925 బోర్స్టల్ స్కూళ్ళ చట్టం, 1930ల చివరి ప్రొబేషన్ చట్టం ఈ ఆలోచనల కాలానివే. అండమాన్ విషయం మాత్రం మాటగానే మిగిలింది. 1932లో రాజకీయ ఖైదీలను మళ్ళీ అక్కడికే పంపారు.

రెండో జవాబు 1930 నాటి ఎ, బి, సి తరగతులు. లాహోరు జైలులో 63 రోజులు నిరాహారదీక్ష చేసి జతీన్ దాస్ 1929 సెప్టెంబరు 13న చనిపోయాక పుట్టిన ఒత్తిడికి ఫలితం ఇది. చేసిన నేరం కంటే చదువు, హోదా, అలవాటైన జీవన ప్రమాణాన్ని బట్టి ఖైదీ తరగతి నిర్ణయమయ్యేది. ఎ తరగతి వారికి పుస్తకాలు, సొంత బట్టలు, మెరుగైన తిండి ఉండేవి. ఒకే ఊళ్ళో ఒకే ఉప్పు వండి పట్టుబడిన వకీలు, అతని పాలేరు వేర్వేరు బ్యారక్‌లకు వెళ్ళేవారు. జైలులో సమానత్వం కోసం జరిగిన పోరాటం చివరికి జైలులోనే అంతస్తులు పెట్టింది. దీని జాడలు స్వతంత్రం వచ్చిన తర్వాతి నియమాల్లోనూ ‘ప్రత్యేక తరగతి’గా కొనసాగాయి.

నేరస్థ తెగల సెటిల్మెంట్లు

జైలు గోడలు లేని జైలు కూడా ఒకటుండేది. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి సెటిల్మెంట్లలో ఉంచారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురానికి మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో మరో మిషనరీ సెటిల్మెంటు ఉండేది. వ్యవసాయం, నేత, బడి ఉన్నందువల్ల వీటిని ఆదర్శ సంస్కరణగా చూపేవారు. కానీ రోజూ హాజరు వేయించుకోకుండా, చీటీ లేకుండా ఊరు దాటే హక్కు వారికి లేదు. మద్రాసులో ఈ చట్టం 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ‘విముక్త’ తెగలుగా పిలిచినా, పోలీసు స్టేషన్ల పాత జాబితాలు, జైలు నియమావళుల్లోని పాత మాటలు వెంటనే చెరిగిపోలేదు.

నిజాం జైళ్ళు

హైదరాబాదు రాజ్యంలో చంచల్‌గూడ జైలు 1876లో, వరంగల్లు జైలు 1880లలో ఏర్పడ్డాయి. వరంగల్లు జైలులో నేసిన తివాచీలకు మంచి పేరుండేది. 1796 నాటిదని చెప్పే సంగారెడ్డి జైలు ఇప్పుడు ప్రదర్శనశాల. రోజుకు 500 రూపాయలు కట్టి జైలు జీవితం రుచిచూసే ఏర్పాటు అక్కడ చేసినప్పుడు దేశవ్యాప్తంగా వార్త అయింది.

నిజాం జైళ్ళ లోపలి జీవితానికి సాహిత్య సాక్ష్యం 1940ల నాటిది. ఇందూరు, అంటే నిజామాబాదు కోటలోని జైలులో కవి దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి తర్వాత ‘జైలు లోపల’ పేరుతో కథలు రాశారు. వాటిలో నాయకుల కంటే దొంగలు, హంతకులు, అనాథలే ఎక్కువగా కనిపిస్తారు. సాధారణ ఖైదీని మనిషిగా చూపిన తెలుగు రచనల్లో దానిది ముందు వరస. తెలంగాణ సాయుధ పోరాటం అణచివేత రోజుల్లో హైదరాబాదు జైళ్ళు నిర్బంధితులతో నిండిపోయాయి. ఆ కాలంలోనే, 1950 ఫిబ్రవరి 11న, మద్రాసు రాష్ట్రంలోని సేలం జైలులో కాల్పులు జరిగి 22 మంది కమ్యూనిస్టు నిర్బంధితులు చనిపోయారు.

కోర్టుల కాలం

రాజ్యాంగంలో జైళ్ళు రాష్ట్రాల జాబితాలోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ తన జైలు నియమాలను 1979లో కూర్చుకుంది. దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారుల శిక్షణకు వేలూరులో ప్రాంతీయ సంస్థ ఏర్పడింది కూడా అదే ఏడాది. దేశవ్యాప్తంగా జస్టిస్ ముల్లా కమిటీ 1980-83 మధ్య, మహిళా ఖైదీలపై జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ 1986-87లో పనిచేశాయి. ముల్లా కమిటీ అడిగిన కొత్త జాతీయ చట్టం దశాబ్దాల పాటు రాలేదు.

ఈ ఖాళీని కోర్టులు నింపాయి. ఆ తీర్పుల్లో తెలుగు రాష్ట్రపు కేసులు ఎన్నదగినన్ని. విశాఖపట్నం సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు గోడల మీది విద్యుత్ తీగను సవాలు చేస్తూ వేసిన పిటిషన్‌పై 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పిటిషనర్లకు ఊరట దక్కలేదు. కానీ శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడన్న సూత్రం ఆ తీర్పుతో స్థిరపడింది. 1977లో గియాసుద్దీన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మోసం నేరంలో పడ్డ చదువుకున్న యువకుడి శిక్ష తగ్గించి, అతనికి బుద్ధికి తగిన పని, కూలి, పెరోల్ ఇవ్వాలని నిర్దేశించాడు. శిక్షకు చికిత్స లక్షణం ఉండాలన్న వాదన ఇంత స్పష్టంగా చెప్పిన తీర్పులు తక్కువ. 2006లో ఆర్. డి. ఉపాధ్యాయ్ కేసులో తల్లితో జైలులో ఉండే ఆరేళ్ళలోపు పిల్లలకు తిండి, వైద్యం, శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. వారిని ఖైదీలుగా చూడరాదని చెప్పింది. అదే ఏడాది ఏపూరు సుధాకర్ కేసులో, గవర్నరు ఇచ్చే క్షమాభిక్ష కూడా కోర్టు సమీక్షకు అతీతం కాదని తేల్చింది.

ఉరిశిక్షల చరిత్రలో 1975 డిసెంబరు 1 తేదీ ముఖ్యమైనది. ఎమర్జెన్సీ రోజుల్లో నక్సలైటు ఖైదీలైన భూమయ్య, కిష్టాగౌడ్‌లను హైదరాబాదు ముషీరాబాదు జైలులో ఉరితీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. వరంగల్లు జైలును కూడా 2021లో ఆసుపత్రి కోసమే కూల్చారు.

బహిరంగ జైళ్ళు, కూలి

హైదరాబాదు దగ్గర మౌలాలిలో 1954లో, అనంతపురంలో 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు మొదలయ్యాయి. శిక్షలో కొంత భాగం పూర్తిచేసి, సత్ప్రవర్తన చూపిన వారిని ఎంపిక చేసి ఇక్కడికి పంపుతారు. ఎత్తైన గోడలు, సాయుధ కాపలా ఉండవు. పశువులు, పొలం, పండ్ల తోటలే పని. పల్లెల నుంచి హత్య కేసుల్లో వచ్చిన రైతులకు ఇది అచ్చివచ్చిన పద్ధతి. వారిలో ఎక్కువమంది గట్టు తగాదాలో, ముఠా కక్షల్లో జైలు పాలైనవారే గానీ నేరమే వృత్తిగా బతికినవారు కాదు. చాలా మంచి నమూనా అయినా ఈ క్షేత్రాల సంఖ్య పెరగలేదు.

గోడల లోపలి పనికి కూలి సంగతి 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో గాడిన పడింది. కఠినశిక్ష పడ్డవారితో పని చేయించవచ్చు గానీ, దానికి న్యాయమైన కూలి ఇవ్వాలని, అందులో కొంత నేర బాధితుల కోసం కేటాయించాలని కోర్టు చెప్పింది. నేత, వడ్రంగం, బేకరీ వంటి పాత పనులకు తోడు తెలంగాణ జైళ్ళ శాఖ ‘మై నేషన్’ పేరుతో సరుకులు అమ్ముతోంది. జైళ్ళ శాఖ నడిపే పెట్రోలు బంకులు జనానికి బాగా పరిచయం. వాటిలో విడుదలైన ఖైదీలకు కూడా పని దొరుకుతోంది. నిరక్షరాస్యులుగా వచ్చినవారికి చదువు నేర్పే ‘విద్యాదానం’, ఖైదీల మానసిక సమస్యలపై ‘ఉన్నతి’ కార్యక్రమాలు కూడా తెలంగాణవే.

ప్రస్తుత స్థితి

ఆంధ్రప్రదేశ్‌లో రాజమండ్రి, విశాఖపట్నం, నెల్లూరు, కడపల్లో సెంట్రల్ జైళ్ళున్నాయి. తెలంగాణలో చంచల్‌గూడ, చర్లపల్లి ప్రధానమైనవి. 2022 చివరి జాతీయ గణాంకాల ప్రకారం దేశం మొత్తం మీద జైళ్ళు సామర్థ్యానికి 131 శాతం నిండి ఉండగా, ఈ రెండు రాష్ట్రాల్లో ఖైదీలు సామర్థ్యం లోపే ఉన్నారు. దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్ష పడలేదు. జైలు లోపల ఎంత సంస్కరణ చేసినా ఈ నిష్పత్తి మారదు. అది పోలీసులు, కోర్టులు, బెయిలు పూచీకత్తు కట్టలేని పేదరికం కలిసి నిర్ణయించేది.

1894 చట్టానికి బదులుగా కేంద్రం 2023లో నమూనా చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. దాన్ని ఆమోదించడం రాష్ట్రాల ఇష్టం. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, కులాన్ని బట్టి జైలు పనులు, బ్యారక్‌లు పంచే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నేరస్థ తెగల పాత ముద్రను ‘అలవాటు నేరస్థుడు’ పేరుతో కొనసాగించే నిర్వచనాలకూ అదే గతి పట్టింది. పరిశీలనకు వచ్చిన వాటిలో ఆంధ్రప్రదేశ్ నియమాలు కూడా ఉన్నాయి. అదే ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్షాకాలంలో సగం విచారణలోనే గడిపిన ఖైదీ బెయిలుకు అర్హుడు. తొలిసారి కేసులో పడ్డవారికి మూడో వంతు చాలు. మరణశిక్షకు, యావజ్జీవానికి అవకాశమున్న నేరాలకూ, ఒకటికి మించిన కేసులున్న వారికీ ఇది వర్తించదు. గడువు నిండిన ఖైదీ తరఫున కోర్టుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టే బాధ్యతను ఈ సెక్షన్ జైలు సూపరింటెండెంటు మీదే ఉంచింది.